ఒక్క గోడకు టెక్స్చర్: తక్కువ ఖర్చులో ఇంట్లోనే వేసుకునే పద్ధతి

గోడకు గరుకు డిజైను తెచ్చే టెక్స్చర్ అనగానే ఖరీదైన రెడీమేడ్ మిశ్రమం, డిజైన్ రోలర్లు కావాలనుకుంటారు. రెండూ అక్కర్లేదు. యాక్రిలిక్ లప్పం (పుట్టీ), మామూలు ఇమల్షన్ రంగు, ఒక నలిపిన ప్లాస్టిక్ కవరు ఉంటే చాలు. ఖర్చు తగ్గించుకోవలసింది వీటిలోనే. ప్రైమర్‌ (ముందుగా వేసే అడుగు పూత) మానేసి, గోడ శుభ్రం చేయకుండా మిగుల్చుకుందామనుకుంటే మాత్రం పైన ఎంత అందంగా వేసినా పెచ్చులుగా ఊడొస్తుంది.

గది మొత్తం వద్దు, ఒక్క గోడ చాలు. వెలుతురు పక్క నుంచి పడే గోడైతే గరుకు బాగా తేలుతుంది. పొయ్యి దగ్గరి గోడ మాత్రం వదిలేయండి. గాడుల్లో పట్టిన జిడ్డు వదిలించడం నరకం.

ముందు చెమ్మ చూడాలి. అర మీటరు చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలేయండి. షీటు లోపలి వైపు నీటి చుక్కలు పడితే గోడలోనే తడి ఉన్నట్టు. లీకు ఎక్కడుందో చూసి బాగుచేయించి, గోడ ఆరాకే పని మొదలుపెట్టాలి. తర్వాత అరచేత్తో గోడను రుద్దండి. పొడి అంటితే పాత సున్నాన్ని గీకి, తడిగుడ్డతో తుడవాలి. మెరిసే ఎనామిల్ ఉంటే 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. బాగా పాత ఇంటి రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి అలాంటి గోడను పొడిగా రుద్దకండి. తడుపుతూ, మాస్కు పెట్టుకుని రుద్దండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

లెక్క ఇలా వేసుకోండి. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడ అంటే 100 చదరపు అడుగులు, సుమారు 9.3 చదరపు మీటర్లు. సగటున ఒక మిల్లీమీటరు మందం పట్టిస్తే సుమారు 9.3 లీటర్ల లప్పం, అంటే 15 కిలోల పైచిలుకు పడుతుంది. ప్రైమర్ ఒక లీటరు చాలు. పై రంగుకు రెండు లీటర్లు ఉంచుకోండి, ఎందుకంటే గరుకు గోడ నున్నటి గోడకన్నా ఎక్కువ రంగు తాగుతుంది.

పొడిగా అమ్మే సిమెంటు లప్పం చవకే, కానీ పాత రంగు మీద సరిగా పట్టదు. కలిపిన కొన్ని గంటల్లో బిగుసుకుపోతుంది కూడా. రంగు వేసి ఉన్న గోడకు యాక్రిలిక్‌దే తీసుకోండి.

శుభ్రం చేసిన గోడకు ప్రైమర్ వేసి, అది ఆరాక అంచులకు మాస్కింగ్ టేపు వేయండి. లప్పంలో కొద్దికొద్దిగా నీళ్లు కలిపి, లప్పం పూసే బ్లేడు మీద కాస్త తీసి పక్కకు వంచి చూడండి. జారిపోతే పలచనైనట్టే, ఇంకాస్త లప్పం కలపాలి. గోడ మీద మూడడుగుల వెడల్పు పట్టీ చొప్పున పైనుంచి కిందికి పూయండి. పూసిన వెంటనే నలిపిన కవరును అద్ది తీయాలి, రుద్దకూడదు. ప్రతిసారీ మణికట్టు తిప్పుతూ అద్దకపోతే ఒకే గుర్తు వరసగా పడి అచ్చేసినట్టు కనబడుతుంది. పైమెరుపు తగ్గాక, అంటే వేలు పెడితే అంటకుండా ఒత్తుడు మాత్రం పడే దశలో, వెడల్పు బ్లేడును తేలిగ్గా ఒకసారి లాగితే మొనలు అణిగి రాయిలాంటి రూపం వస్తుంది. తొందరపడి ముందే లాగితే లప్పం ఊడి బ్లేడుకు అంటుకుంటుంది.

ఇక్కడ ఎక్కువమంది చెడగొట్టేది అతుకుల దగ్గర. మొదటి పట్టీ అంచు ఆరిపోయాక పక్కది మొదలుపెడితే నిలువుగా గీత మిగిలిపోతుంది, రంగు వేసినా దాగదు. అందుకే ఒకరు పూస్తుంటే ఇంకొకరు అద్దాలి. గోడ మధ్యలో భోజనానికి ఆగకూడదు. పనవుతున్నంతసేపూ ఫ్యాను ఆపేయండి. గాలికి పైపొర ముందుగా ఆరి లోపల తడి మిగిలితే పగుళ్లిస్తుంది. రెండు మిల్లీమీటర్లు దాటి మందంగా పూసినా అంతే. టేపును లప్పం తడిగా ఉండగానే తీసేయండి. ఆరాక లాగితే అంచు పెళుసుగా విరిగి లేస్తుంది.

కనీసం 24 గంటలు ఆరనిచ్చి, పొడుచుకొచ్చిన మొనలను 180 నంబరు కాగితంతో తాకీ తాకనట్టు రుద్ది, దుమ్ము దులిపి, లేత రంగు రెండు పూతలు వేయండి. రోలర్ పొడవు నూలుది అయితే గుంతల్లోకి రంగు వెళ్తుంది, పొట్టి నూలుది పైపైనే తాకుతుంది. లోతు ఇంకా కనబడాలంటే అదే రంగులో రెండు ఛాయలు ముదురుది కొంచెం తీసుకుని, దాదాపు పొడి స్పాంజితో మొనల మీద మాత్రం అద్దండి. స్పాంజి మూలలు చింపేస్తే చతురస్రపు గుర్తులు పడవు.

ఈ గోడను మళ్లీ నున్నగా చేయాలంటే గీకి, కొత్తగా లప్పం పట్టించాల్సిందే. అందుకే అసలు గోడ మీదికి వెళ్లేముందు రెండడుగుల అట్ట ముక్క మీద ప్రైమర్‌తో సహా అన్నీ వేసి, సాయంత్రం లైటు పక్క నుంచి పడేలా పెట్టి చూడండి.