పెరటి పెంటపోగును బాల్కనీలోకి తెచ్చుకోవడం ఎలా?

గుంటూరు జిల్లా పల్లెల్లో కూరగాయల తొక్కలు గేదెల కుడితిలోకో, పెరట్లోని పెంటపోగు మీదికో చేరతాయి. అవే తొక్కలు విజయవాడ అపార్ట్‌మెంట్లలో పాలిథిన్ కవరులో మూటకట్టుకుని, ఒక్కోసారి బందరు కాలువ, రైవస్ కాలువ నీళ్లలో తేలుతాయి. ఇది నిజంగా బాధ కలిగించే దృశ్యం. ఆ తొక్కలను బాల్కనీలోనే ఎరువుగా మార్చుకోవచ్చు.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు అప్పట్లోనే చెప్పినట్లు తడి, పొడి, ప్రమాదకర చెత్తలను ముందు ఇంట్లోనే వేరు చేయాలి. తరువాత అడుగున, పక్కల చిన్న రంధ్రాలున్న మట్టికుండను బాల్కనీలో నీడన ఉంచి, అడుగున కొబ్బరిపీచు పరచి, సన్నగా తరిగిన తొక్కలు ఒక వంతుకు ఎండుటాకులు రెండు వంతుల చొప్పున వరుసలుగా వేస్తూ, పైన కాస్త పుల్లమజ్జిగ చిలకరించాలి. గుప్పిట్లోకి తీసుకుని పిండితే చెయ్యి తడవాలి గాని నీరు కారకూడదు. ఆకులు తగ్గితే దుర్వాసన వస్తుంది; నా మొదటి కుండ అలాగే పాడైంది. వారానికి రెండుసార్లు కలియబెడితే రెండు మూడు నెలల్లో, తొలకరి నాటి నేల వాసన వేసే నల్లటి ఎరువు చేతికి వస్తుంది.

పల్లెవాసులు సరిదిద్దుకోవలసినదీ ఒకటుంది. పెంటపోగులో కలిసిన పాలిథిన్ కవర్లు పొలంలోకీ, పశువుల కడుపులోకీ చేరుతున్నాయి కనుక, వాటిని తగలబెట్టకుండా, కడిగి ఆరబెట్టి, గోనెసంచిలో దాచి పంచాయతీ చెత్తబండికి అప్పగించాలి.