కొత్త ఫుల్‌సైజ్ పికప్ ట్రక్ కొనేముందు ఫీచర్లు, ధర ఎలా బేరీజు వేసుకోవాలి?

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్ల ముందు ఒకప్పుడు క్యామ్రీ, ఒడిస్సీ, సియెన్నా తప్ప ఇంకోటి కనిపించేది కాదు. ఇప్పుడు వాటి పక్కన ఫోర్డ్ ఎఫ్-150లు, టొయోటా టండ్రాలు కూడా ఉంటున్నాయి. వినాయక నిమజ్జనం రోజు విగ్రహం ఎవరి బండిలో వెళ్లాలన్న చర్చ కూడా దాంతో తేలిపోయింది.

కారు కొన్న అనుభవం ట్రక్ కొనేటప్పుడు సగమే పనికొస్తుంది. క్యామ్రీలో ఏ ట్రిమ్ (ఫీచర్ల స్థాయి) కొన్నా బండి దాదాపు ఒకటే. పికప్ అలా కాదు. ఎఫ్-150 అన్న ఒకే పేరు మీద 40,000 డాలర్ల దగ్గర మొదలయ్యే పనిబండి ఉంది, లక్ష దాటే రాప్టర్ ఆర్ ఉంది. మధ్యలో క్యాబ్ (మనుషులు కూర్చునే భాగం), బెడ్ (వెనక సామాను తొట్టి), ఇంజన్, యాక్సిల్, ట్రిమ్ కలిసి వందల రకాలు. అందుకే "ఏ కంపెనీ మంచిది?" అని వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరి బండి గురించి వాళ్లు చెబుతారు, మీకు పనికొచ్చే జవాబు రాదు. మీ జవాబు బండి మీదే ఉన్న రెండు స్టిక్కర్లలో ఉంటుంది. ఒకటి డ్రైవర్ డోర్ దగ్గర, ఇంకొకటి కిటికీ అద్దం మీద.

1. ఏం మోయాలో, ఏం లాగాలో రాసుకోండి

ఏడాదిలో మీరు నిజంగా మోసేవి, లాగేవి కాగితం మీద పెట్టండి. పక్కన బరువు వేయండి. వసంతకాలంలో నాలుగు సార్లు మల్చ్, ఎప్పుడైనా ఒక సోఫా అయితే హోమ్ డిపోలోనో యూహాల్‌లోనో గంటల లెక్కనో రోజు లెక్కనో ట్రక్ అద్దెకు దొరుకుతుంది. ఎక్కువసార్లు అవసరమైనా బరువు తక్కువైతే టకోమా, మావెరిక్ లాంటి చిన్న పికప్‌లు చాలు. బోటు, క్యాంపర్, పొలం, కన్‌స్ట్రక్షన్ పని లాంటివి ఉంటే ఫుల్‌సైజ్‌కి అర్థం ఉంది. "అయినా నాకు ట్రక్ అంటే ఇష్టం" అన్నా తప్పేం లేదు. కానీ అప్పుడు ఇష్టానికి ఎంత కడుతున్నారో తెలిసి కట్టండి.

ఇండియాలో చూసిన హైలక్స్ గానీ, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీ-మ్యాక్స్ గానీ ఇక్కడెందుకు దొరకవని చాలామంది అడుగుతారు. 1960లలో అమెరికా కోళ్ల మీద యూరప్ దేశాలు సుంకం పెంచితే, బదులుగా ప్రెసిడెంట్ జాన్సన్ దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. దాన్నే ఇప్పటికీ 'చికెన్ ట్యాక్స్' అంటారు. కోళ్ల గొడవ ఎప్పుడో పోయింది, సుంకం మాత్రం ఉండిపోయింది. టొయోటా తన టండ్రాని టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో తయారు చేయడానికి ఈ సుంకం కూడా ఒక కారణం.

2. క్యాబ్, బెడ్, గరాజ్

వెనక సీట్లో పిల్లల కార్ సీట్లు పెట్టాలంటే పెద్ద క్యాబ్ ఉండాల్సిందే. పేర్లతో జాగ్రత్త: ఫోర్డ్‌లో సూపర్‌క్రూ పెద్దది, సూపర్‌క్యాబ్ చిన్నది. టండ్రాలో క్రూమ్యాక్స్ పెద్దది, డబుల్ క్యాబ్ చిన్నది. రామ్‌లో క్రూ క్యాబ్ పెద్దది, క్వాడ్ క్యాబ్ చిన్నది. వెబ్‌సైట్‌లో ధర తక్కువగా కనిపించిన బండి చాలాసార్లు ఈ చిన్న క్యాబ్‌దే.

పెద్ద క్యాబ్, చిన్న బెడ్ ఉన్న ఎఫ్-150 పొడవు దాదాపు 19 అడుగుల 4 అంగుళాలు. అద్దాలతో కలిపి వెడల్పు ఎనిమిది అడుగులకు అటూ ఇటూ. గరాజ్ లోతు 20 అడుగులుంటే పట్టినట్టే అనిపిస్తుంది గానీ, వెనక గోడకి వాటర్ హీటర్ గానీ అరలు గానీ ఉంటే తలుపు పడదు. డీలర్ దగ్గరికి వెళ్లేముందే టేపు పెట్టి కొలవండి. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల్లో పార్కింగ్ పేజీ కూడా ఓసారి చూడండి.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఆర్నెల్లు ఉండే ఇల్లయితే, వాళ్లు ఎక్కగలరా అన్నది పెద్ద ఫీచరే. చీర కట్టుకున్న అరవయ్యేళ్ల మనిషి ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులోకి ఎక్కడం తేలిక కాదు. రన్నింగ్ బోర్డులు, పిల్లర్ మీద పట్టుకునే హ్యాండిల్ ఉన్నాయో లేదో చూడండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న రామ్ 1500 అయితే ఎక్కేటప్పుడు కిందికి దిగుతుంది, కానీ ఆ సదుపాయం ఖరీదైనది.

3. పసుపు స్టిక్కర్ చదవండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. టీవీ ప్రకటనలో ఎఫ్-150 13,500 పౌండ్లు లాగుతుందని చెబుతారు. అబద్ధం కాదు. కానీ సరైన ఇంజన్, యాక్సిల్, టో ప్యాకేజీ (ట్రైలర్ లాగడానికి కావాల్సిన సరంజామా) కలిసిన ఒక కాన్ఫిగరేషన్‌కి మాత్రమే అది నిజం. లాట్‌లో మీ ముందున్న బండి కథ వేరు.

డ్రైవర్ డోర్ తెరవండి. పక్క పిల్లర్ మీద పసుపు పట్టీ ఉన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని అందులో రాసి ఉంటుంది. అదే ఆ బండి పేలోడ్, సరిగ్గా ఆ బండిదే. పనోరమిక్ సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, పవర్ రన్నింగ్ బోర్డులు, ఫోర్ వీల్ డ్రైవ్, వీటన్నిటి బరువూ ఇందులోంచే పోతుంది. కాబట్టి ట్రిమ్ పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది, మోసే శక్తి తగ్గుతుంది. సేల్స్‌మన్ ఈ ముక్క తనంతట తాను చెప్పడు.

ఇప్పుడు లెక్క చూడండి. స్టిక్కర్ మీద 1,450 పౌండ్లు ఉందనుకుందాం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, నానమ్మ కలిసి 650. కూలర్, పెట్టెలు 150. మిగిలింది 650. ట్రైలర్ ముందు భాగం హిచ్ (ట్రక్ వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువుని టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉంటుంది, అది కూడా పేలోడ్‌లోకే వస్తుంది. 13 శాతం వేసుకుంటే 650 పౌండ్లకి సరిపోయేది 5,000 పౌండ్ల ట్రైలరే. బ్రోషర్‌లో 11,000 అని ఉన్నా సరే, మీ కుటుంబం కూర్చున్నాక మీ బండి హద్దు అది. బ్రోషర్ అంకె చూసి 8,000 పౌండ్ల క్యాంపర్ బుక్ చేసుకున్నవాళ్లకి కొలరాడో ఘాట్ రోడ్డులో బ్రేకులు కాలిన వాసనతో ఈ లెక్క తెలుస్తుంది.

మట్టి, కంకర తెచ్చుకునేవాళ్లకీ ఇదే సూత్రం. ఒక క్యూబిక్ యార్డ్ తడిమట్టి 2,000 పౌండ్లు దాటిపోతుంది. బెడ్‌లో చోటు ఉంది కదా అని నింపేస్తే బండి వెనక భాగం కూలబడుతుంది.

ట్రైలర్ లాగే ఆలోచన ఉంటే టో ప్యాకేజీ, బండిలోనే ఉండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఫ్యాక్టరీ నుంచే రావాలని అడగండి. హిచ్ కొక్కెం ఉన్నంత మాత్రాన టో ప్యాకేజీ ఉన్నట్టు కాదు. కూలింగ్, యాక్సిల్ నిష్పత్తి కూడా మారతాయి.

4. ఇంజన్

వి8 మీద మోజు తగ్గిందని కాదు గానీ, రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి ఫోర్డ్ 2.7 లీటర్ టర్బో వి6 చాలు. 325 హార్స్‌పవర్ ఉంది. ట్రైలర్ తరచూ లాగేవాళ్లు 3.5 టర్బో చూడాలి. షెవర్లే సిల్వరాడోలో వచ్చే 3 లీటర్ డీజిల్ హైవే మైలేజ్‌లో బాగుంటుంది. టండ్రాలో 2022 నుంచి వి8 లేనే లేదు. రామ్ 2025 మోడల్‌లో హెమీ వి8 తీసేసి, కొనేవాళ్లు గోల పెట్టాక 2026కి వెనక్కి తెచ్చింది.

ఎఫ్-150 హైబ్రిడ్‌లో నాకు నచ్చింది మైలేజ్ కాదు, బెడ్‌లో ఉండే కరెంటు ప్లగ్గులు. 7.2 కిలోవాట్ల ఆప్షన్ తీసుకుంటే 2021 ఫిబ్రవరి లాంటి మంచు తుఫానులో టెక్సస్ గ్రిడ్ చేతులెత్తేసినా ఫ్రిజ్, హీటర్, వైఫై నడుస్తాయి.

ఏ ఇంజన్ అనుకున్నా దాని రీకాల్ చరిత్ర చూడండి. టండ్రా 2022, 2023 ఇంజన్లలో మిగిలిపోయిన లోహపు రజను వల్ల 2024లో లక్ష దాకా బండ్లు రీకాల్ అయ్యాయి. జీఎం 6.2 లీటర్ వి8 కోసం 2025లో దాదాపు ఆరు లక్షల ట్రక్కులు, ఎస్‌యూవీలను వెనక్కి పిలిచారు. పెద్ద పేరుంటే తలనొప్పి ఉండదన్న నమ్మకం ఇక్కడ పనిచేయదు.

5. ట్రిమ్ ఎక్కడ ఆపాలి

చాలామందికి మధ్య ట్రిమ్ సరిపోతుంది: ఎఫ్-150లో ఎక్స్‌ఎల్‌టీ, సిల్వరాడోలో ఎల్‌టీ, రామ్‌లో బిగ్ హార్న్ (టెక్సస్‌లో దీన్నే లోన్ స్టార్ అంటారు), టండ్రాలో ఎస్‌ఆర్5. వీటికి వేడి సీట్లు, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక లాంటివి ప్యాకేజీగా కలుపుకోవచ్చు. ఆ పైన కట్టేది ఎక్కువగా తోలుకి, క్రోముకి, పెద్ద స్క్రీన్‌కి.

ఒక్క ఫీచర్‌కి మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు. 360 డిగ్రీల కెమెరా. ఈ బండ్ల బానెట్ ఎంత ఎత్తంటే ముందు నిలబడ్డ మూడేళ్ల పిల్లాడు సీట్లోంచి కనపడడు. 22 అంగుళాల చక్రాలు చూడ్డానికి బాగుంటాయి, టైర్లు మార్చే రోజు మాత్రం బాగుండవు.

6. కిటికీ స్టిక్కర్ నుంచి ఓటీడీ (అవుట్ ది డోర్, అంటే అన్నీ కలిపిన చివరి ధర) దాకా

కొత్త బండి అద్దం మీద ధర స్టిక్కర్ అంటించాలన్నది 1958 నాటి చట్టం. ఓక్లహోమా సెనేటర్ మన్రోనీ తెచ్చాడు కాబట్టి మన్రోనీ స్టిక్కర్ అంటారు. అందులో బేస్ ధర, ఒక్కో ఆప్షన్ ధర, డెస్టినేషన్ ఛార్జ్ (ఫ్యాక్టరీ నుంచి డీలర్ దాకా తెచ్చే ఖర్చు), బండి ఎక్కడ బిగించారో అన్నీ ఉంటాయి. ఫుల్‌సైజ్ ట్రక్కులకి డెస్టినేషన్ ఛార్జే 2,000 డాలర్ల పైన ఉంటుంది. ప్రకటనలో 'స్టార్టింగ్ ఎట్' అన్న చోట దాన్ని కలపరు.

దాని పక్కనే డీలర్ సొంతంగా అంటించిన రెండో కాగితం ఉందేమో చూడండి. టైర్లలో నైట్రోజన్, పెయింట్ ప్రొటెక్షన్, మార్కెట్ అడ్జస్ట్‌మెంట్ (డిమాండ్ ఉందని డీలర్ పెంచే ధర) లాంటివన్నీ అందులో ఉంటాయి. బేరం అక్కడే మొదలుపెట్టాలి.

నాలుగైదు డీలర్లకి ఒకే మెసేజ్ పంపండి: "ఈ స్టాక్ నంబర్ బండికి అవుట్ ది డోర్ ధర, పన్నులు, ఫీజులు విడివిడిగా రాసి పంపండి." "షోరూమ్‌కి రండి, మాట్లాడుకుందాం" అనేవాళ్లను పక్కన పెట్టేయండి. వంద మైళ్ల దూరంలోని చిన్న ఊరి డీలర్లను కూడా అడగండి, ట్రక్కులు అక్కడే ఎక్కువ అమ్ముడవుతాయి.

పాత బండి ఇచ్చే లెక్క రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం, అది పాత బండి విలువ తీసేసిన మొత్తం మీదే పడుతుంది. 54,000 డాలర్ల ట్రక్కుకి 14,000 విలువైన బండి ఇస్తే పన్ను 2,500. ఆ బండిని బయట అమ్ముకుంటే పన్ను 3,375. అంటే బయట 875 డాలర్లు ఎక్కువ వస్తేనే సమానం. కాలిఫోర్నియాలో ఈ మినహాయింపు లేదు.

7. లోన్

"నెలకి ఎంత కట్టగలరు?" అని అడిగితే అంకె చెప్పకండి. 55,000 డాలర్ల అప్పుకి 7 శాతం వడ్డీ అయితే ఐదేళ్లకి నెలకు 1,089, ఏడేళ్లకి 830. రెండోది చవగ్గా కనిపిస్తుంది, కానీ వడ్డీ 10,340 నుంచి 14,730కి పోతుంది. పైగా మొదటి రెండు మూడేళ్లలోనే ట్రక్ మార్చాలనిపిస్తే బండి విలువ కన్నా అప్పే ఎక్కువ ఉండొచ్చు.

ముందుగా ఒక క్రెడిట్ యూనియన్‌లో ప్రీ-అప్రూవల్ (ముందస్తు లోన్ ఆమోదం) తీసుకుని వెళ్లండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి వీసా గడువు దాటి లోన్ ఇవ్వని లెండర్లు కొందరున్నారు, కాబట్టి ఆ మాట ముందే అడగాలి. కంపెనీ తక్కువ వడ్డీ గానీ క్యాష్ రిబేట్ గానీ, ఏదో ఒకటే ఇస్తానంటే మొత్తం చెల్లింపు రెండు రకాలుగా వేసి చూడండి.

8. ట్యాక్స్ కబుర్లు

"6,000 పౌండ్లు దాటిన బండి కొంటే మొత్తం రైటాఫ్ అన్నా" అనేవాళ్లు ప్రతి పార్టీలోనూ ఒకరుంటారు. అది సెక్షన్ 179, వ్యాపారం కోసం కొన్నవాటి ఖర్చుని పన్ను లెక్కలో తగ్గించుకునే నిబంధన. సొంత వ్యాపారం ఉండి, బండి వాడకంలో సగం కన్నా ఎక్కువ వ్యాపారానికే అయితేనే. జీతం మీద పనిచేసే (డబ్ల్యూ-2) ఉద్యోగికి వర్తించదు. బెడ్ ఆరడుగుల కన్నా చిన్నదైతే ఎస్‌యూవీలకున్న పరిమితే దీనికీ పడుతుంది. ఆ తర్వాత వ్యాపార వాడకం తగ్గితే తీసుకున్న మినహాయింపులో కొంత వెనక్కి కట్టాలి.

ఉద్యోగులకి పనికొచ్చేది వేరే ఉంది. 2025 నుంచి 2028 వరకు, అమెరికాలో బిగించిన కొత్త సొంత వాడకపు బండి లోన్ వడ్డీలో ఏడాదికి 10,000 డాలర్ల దాకా ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. జంటకి ఆదాయం 2,00,000 డాలర్లు దాటితే తగ్గుతూ 2,50,000 దగ్గర పూర్తిగా పోతుంది. ఇద్దరూ ఐటీలో ఉంటే దీని మీద ఆశ పెట్టుకోవద్దు. సిల్వరాడోల్లో కొన్ని మెక్సికోలో, కెనడాలో తయారైనవి ఉంటాయి, కాబట్టి మన్రోనీ స్టిక్కర్‌లో ఫైనల్ అసెంబ్లీ చూడండి.

9. సంతకానికి ముందు

ఏడాదికి 12,000 మైళ్లు, గ్యాలన్‌కి 20 మైళ్లు, గ్యాలన్ 3 డాలర్లు అనుకుంటే పెట్రోలు 1,800. హైబ్రిడ్ సియెన్నాకి అదే 1,000. ఇన్సూరెన్స్ కోట్ ఆ బండి విన్ (గుర్తింపు) నంబర్‌తోనే తెప్పించుకోండి.

ఫైనాన్స్ గదిలో ఎక్స్‌టెండెడ్ వారంటీ, గ్యాప్ ఇన్సూరెన్స్ (బండి పోతే దాని విలువకీ మిగిలిన అప్పుకీ తేడా కట్టేది) వరసగా బయటికొస్తాయి. అక్కడికక్కడే ఒప్పుకోనక్కర్లేదు. మూడు రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చన్న మాట నమ్మకండి, డీలర్‌షిప్‌లో కొన్న బండికి అలాంటి హక్కు టెక్సస్‌లో లేదు. కాంట్రాక్ట్ మీది 17 అక్షరాల విన్, డాష్‌బోర్డ్ మీది విన్ ఒకటేనా చూసి, అదే నంబర్‌ని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో కొట్టి పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందేమో చూడండి. రెండో తాళంచెవి, బెడ్ కవర్ లాంటివి తర్వాత ఇస్తామంటే 'వీ ఓ' (డీలర్ మీకింకా బాకీ ఉన్నవాటి) కాగితం మీద రాయించుకుని, మేనేజర్ సంతకం పడ్డాకే తాళాలు తీసుకోండి.