పట్టేసిన వెనుక బ్రేకు పిస్టన్‌ను లోపలికి పంపే విధానం

హైదరాబాదు అపార్టుమెంట్ల సెల్లార్లలో వారాల తరబడి కదలకుండా ఉండే పాత కార్లలో, ముఖ్యంగా వాననీరు నిలిచిన రోడ్ల మీద తిరిగివచ్చి అలాగే ఆగిపోయిన వాటిలో, వెనుక డిస్క్ బ్రేకు తుప్పుకు పట్టేయడం మామూలే. ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కుతున్నా, న్యూట్రల్‌లో నెట్టినా కారు సులువుగా దొర్లకపోయినా ఈ అనుమానం రావాలి.

పనికి దిగే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. హ్యాండ్‌బ్రేక్ తీగ నేరుగా క్యాలిపర్‌కే (ప్యాడ్లతో డిస్కును బిగించే భాగానికే) వచ్చి, పిస్టన్ (ప్యాడును డిస్కుకు ఒత్తే గుండ్రని ముక్క) ముఖం మీద గాడులు ఉన్నట్లయితే, ఆ పిస్టన్ లోపల మరతో (స్క్రూతో) కూడిన సర్దుబాటు యంత్రాంగం ఉంటుంది. దానిని ముందు చక్రాల పిస్టన్‌లాగా సి-క్లాంపుతో (సి ఆకారపు బిగింపు పనిముట్టుతో) నొక్కితే లోపలికి పోదు సరికదా, ఆ మర దెబ్బతిని క్యాలిపర్ మొత్తం మార్చవలసి రావచ్చు. దానిని నొక్కుతూ తిప్పాలి. అందుకు వాడే కిట్ కోసం రాణిగంజ్ పనిముట్ల దుకాణాల్లో వెతకవచ్చు. ముక్కు పటకారుతో తిప్పే అలవాటు మెకానిక్కుల్లో ఉన్నా, అది జారితే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూటు (దుమ్ము చొరకుండా కాపాడే తొడుగు) చిరుగుతుంది కాబట్టి నేను దానిని సమర్థించను.

చదునైన నేల మీద కారును ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించవలసి ఉంటుంది గనుక ముందు చక్రాలకు రెండువైపులా అడ్డుపెట్టాలి. జాకీ ఎత్తడానికే, కారు బరువు స్టాండ్ల మీదే ఆగాలి. చక్రం విప్పాక బ్రేకు ధూళిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. విప్పిన క్యాలిపర్‌ను గొట్టానికి వేలాడనీయకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి.

పట్టేసింది పిస్టనేనా అన్నది ఇక్కడే చూడాలి, ఎందుకంటే చాలాసార్లు నేరం వేరేచోట ఉంటుంది. స్లైడ్ పిన్నులు (క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఆధారమైన కడ్డీలు) చేతితో కదలకపోతే వాటిని తీసి శుభ్రం చేసి, బ్రేకులకు తగిన సిలికాన్ గ్రీజు పూయాలి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. క్యాలిపర్ మీది హ్యాండ్‌బ్రేక్ మీట తన ఆపుకు తిరిగి ఆనకపోతే తీగగాని మీట ఇరుసుగాని బిగుసుకుపోయినట్టు, ఆ స్థితిలో పిస్టన్‌ను తిప్పినా ఫలితం ఉండదు. చివరగా, బ్లీడర్ నిపుల్ (క్యాలిపర్ నుంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) మూసి ఉన్నప్పుడు కదలని పిస్టన్ అది తెరవగానే కదిలితే, ఆయిల్ ఒత్తిడి గొట్టం గుండా వెనక్కి పోవడం లేదన్నమాట. లోపల వాచి మూసుకుపోయిన రబ్బరు గొట్టాన్ని మొదట అనుమానించాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే తిప్పడం మొదలుపెట్టవచ్చు. ఎక్కువ కార్లలో సవ్యదిశలోనే తిప్పాలి గాని, కొన్నింటిలో ఒకవైపు చక్రానికి అపసవ్యదిశ ఉంటుంది కనుక కారు మాన్యువల్ చూడటం క్షేమం. నిపుల్‌కు సన్నని గొట్టం తగిలించి, దాని కొనను కొద్దిగా కొత్త బ్రేక్ ఆయిల్ పోసిన సీసాలో ముంచి, నిపుల్‌ను కొంచెం వదులు చేస్తే మురికి ఆయిల్ పైకి తన్నకుండా బయటికే పోతుంది. పిస్టన్‌తో పాటు బూటు కూడా మెలిపడుతుంటే ఆగి, అంచుకు బ్రేకు రబ్బరుకు తగిన గ్రీజు రాసి, దాన్ని విడదీశాకే ముందుకు పోవాలి. అరచుట్టు తిప్పి మళ్లీ కొద్దిగా వెనక్కి తిప్పడం తుప్పును వదిలిస్తుంది. ఒక్క ఊపున బలం పెట్టడం వల్ల మేలు లేదు. పిస్టన్ పక్కల మీద గుంతలు పడినట్టు కనిపిస్తే ఆ క్యాలిపర్‌తో కుస్తీ మాని కొత్తది వేయడమే నా సలహా.

లోపలికి చేరాక, ప్యాడు వెనుక ఉండే చిన్న బొడిపె వాటిలో కూర్చునేలా పిస్టన్ గాడులను సరిచూడాలి. అది తప్పితే ప్యాడు వంకరగా అరుగుతుంది. బ్రేకు గొట్టాల్లోని గాలి తీసి, నిపుల్ మూసి, కారు కదిలించకముందే పెడల్ గట్టిపడేవరకు నొక్కాలి. ఆ తరువాతే హ్యాండ్‌బ్రేక్ సరిచేయాలి. ఒలికిన ఆయిల్ పెయింటును తినేస్తుంది కాబట్టి వెంటనే నీళ్లతో కడగాలి. కొద్దిదూరం నెమ్మదిగా నడిపి, డిస్కులను ముట్టుకోకుండా దగ్గరగా చేయి పెట్టి రెండువైపుల వేడిని పోల్చాలి. తేడా ఇంకా ఉంటే ఆ కారును రోడ్డెక్కించక, మళ్లీ గొట్టం దగ్గర నుంచి పరీక్షించాలి.