కుందేళ్ల జత, ఈత, బొచ్చు రంగు

జత కట్టించేటప్పుడు ఆడ కుందేలునే మగదాని గూటికి తీసుకెళ్లాలి. తన గూటిలోకి వచ్చిన మగదాన్ని అది కరిచే ప్రమాదం ఉంది. జతకట్టిన సుమారు 10 గంటలకు అండాలు విడుదలవుతాయి. చూడి కాలం దాదాపు 31 రోజులు కాబట్టి, 28వ రోజుకల్లా ఎండుగడ్డి పరచిన పెట్టెను గూటిలో ఉంచాలి. నోట గడ్డి కరుచుకుని తిరుగుతూ, పొట్ట మీది బొచ్చు పీకి పరుస్తుంటే ఈత దగ్గరపడినట్టే. ఈనిన తరువాత తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ కొద్ది నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. వదిలేసిందేమోనని కంగారుపడేవారే ఎక్కువ, కానీ పిల్లల పొట్టలు గుండ్రంగా నిండి ఉంటే భయం లేదు.

రంగు తెలుసుకోవడానికి వీపు మీది బొచ్చును నోటితో మెల్లగా ఊదండి. అడవి కుందేలు రంగున్నదానిలో లేత, ముదురు రంగుల వలయాలు విచ్చుకుంటాయి. అచ్చమైన నల్లదానిలో అవి కనిపించవు. అడవి రంగు జన్యువు బహిర్గతం (ఒక్కటి ఉన్నా ఆ రంగు కనిపిస్తుంది), నలుపుది అంతర్గతం (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే కనిపిస్తుంది) కనుక, అడవి రంగు జతకు నల్ల పిల్లలు పుట్టవచ్చు గానీ అచ్చమైన నల్ల జతకు అడవి రంగు పిల్లలు పుట్టవు. అదే నల్ల జతకు నీలిబూడిద రంగు పిల్ల పుడితే, రంగును పలుచబరిచే అంతర్గత జన్యువు తల్లిదండ్రులిద్దరిలోనూ ఉన్నట్టు. ఆ సంగతిని వాటి ఈత వివరాల పక్కనే రాసిపెట్టుకోవాలి.