బడి కమిటీ కదలడం లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

తెలంగాణలో పిల్లల్ని జెడ్పీ హైస్కూల్‌కు పంపే తల్లిదండ్రుల కోసం, కమిటీలో పేరుండీ ఏం చేయాలో తెలియని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. పేర్లు రాసుకునే దాకా బాగానే నడుస్తుంది. చిక్కు ఆ తర్వాతే.

మీటింగ్ పెడితే ఎవరూ రావడం లేదు

"ఈ ఊరి తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదు" అనే ముందు నోటీసులో టైం చూడండి. పత్తి ఏరే నెలల్లో, పనిదినం, పొద్దున 11 గంటలకు పెడితే కైకిలికి పోయే తల్లి ఆ రోజు కూలి వదులుకోవాలి. వదులుకుని వచ్చినామెను ఒక మాటైనా అడగకుండా సంతకం పెట్టించుకుని పంపిస్తే రెండోసారి ఎందుకొస్తుంది?

రాత్రి ఏడింటికి పెట్టండి. బడి దూరమైతే వాడకట్టులోనో తండాలోనో కూర్చోండి. దేవరకొండ, చందంపేట వైపు ఒక్క హైస్కూల్‌కు ఎన్నో తండాల పిల్లలు వస్తారు కాబట్టి నెలకో తండా చొప్పున తిరగొచ్చు. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, చాలా ఇళ్లలో ఫోను తల్లి చేతిలో ఉండదు. ముందురోజు సాయంత్రం చాటింపు వేయించండి. ఒక్క మీటింగ్‌కు ఒక్కటే విషయం పెట్టుకోండి, అదేమిటో ముందే చెప్పండి. ఆడపిల్లల టాయిలెట్లకు నీళ్లు రావడం లేదనుకోండి, ఆ సంగతి అంటే తల్లులే ముందుకొచ్చి మాట్లాడతారు.

నారాయణపేట, మక్తల్, కోస్గి వైపు అమ్మానాన్నలు ముంబైకో పుణెకో వలస పోతే పిల్లలు అవ్వ దగ్గరే ఉంటారు. సంరక్షకురాలిగా ఆ అవ్వ కూడా కమిటీలో ఉండొచ్చు. ఆమెను పిలవకపోవడం మన తప్పే.

రిజిస్టర్ నిండా సంతకాలున్నాయి, మీటింగ్ జరిగినట్టు ఎవరికీ గుర్తులేదు

తీర్మానాల పుస్తకం తెరిచి చూడండి. సంతకాలన్నీ ఒకే పెన్నుతో ఉంటాయి. రాత చివరి వరుసకూ మొదటి సంతకానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉంటుంది. అంటే సంతకాలు ముందు, రాత తర్వాత. పుస్తకం ఇంటింటికీ తిరిగిందన్నమాట. దీని వెనక ప్రతిసారీ దురుద్దేశం ఉండదు. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (వచ్చిన డబ్బు ఖర్చయిందని ఇచ్చే పత్రం) రేపటికల్లా కావాలని పైనుంచి ఫోను వస్తే హెడ్‌మాస్టర్‌కు వేరే దారి తోచదు. కానీ ఒకసారి అలవాటైతే ఇక మీటింగ్ అవసరమే పోతుంది.

తీర్మానం అందరి ముందే రాయాలి, గట్టిగా చదివి వినిపించాలి, కింద గీత కొట్టి తేదీ వేయాలి, సంతకాలు ఆ గీతను ఆనుకునే ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్లుంటే రెండుసార్లు చదవండి. ఆ పేజీని ఇద్దరు ముగ్గురు ఫొటో తీసుకోండి.

డబ్బు విషయం మొహమాటపడకుండా అడగండి. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 101 నుంచి 250 మంది ఉంటే ఏడాదికి 50,000 రూపాయలు, 251 నుంచి 1000 దాకా 75,000. అందులో కనీసం 10 శాతం శుభ్రతకే పెట్టాలి. గ్రాంట్ల ఖర్చును చూసే బాధ్యత చట్టమే కమిటీకి ఇచ్చింది కాబట్టి పాస్‌బుక్ అడగడం హెడ్‌మాస్టర్ సారును అనుమానించడం కాదు. చాక్‌పీసులకెంత, కరెంటు బిల్లుకెంత అని ఒకసారి అందరి ముందు చదివితే, "డబ్బులేమైనయ్" అని ఊర్లో నడిచే గుసగుసలూ ఆగిపోతాయి. నిజాయితీగా పనిచేసే సారుకు దీనికంటే పెద్ద అండ లేదు.

9, 10 తరగతుల వాళ్లకు కమిటీతో సంబంధం లేదంటున్నారు

చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, అంటే ఎనిమిదో తరగతి దాకానే. పై తరగతుల కోసం ఆర్ఎంఎస్ఏ అనే హైస్కూళ్ల పథకం కింద వేరే కమిటీలుండేవి; 2018లో ఆ పథకం సమగ్ర శిక్షలో కలిసిపోయింది. పదో తరగతి పరీక్ష రాసే పిల్ల తల్లే బయట నిలబడాల్సి రావడం నాకు అస్సలు నచ్చదు. ఆమెను మీటింగ్‌కు ఆహ్వానితురాలిగా పిలవండి. ఆమె అడిగింది కూడా మినిట్స్‌లో రాయండి.

పని సగంలో ఆగింది, అడిగితే "అది మా కమిటీది కాదు" అంటున్నారు

సర్కారు బడుల్లో వసతుల కోసం వనపర్తిలో 2022 మార్చి 8న మొదలుపెట్టిన 'మన ఊరు మన బడి' పథకం పనులు యాజమాన్య కమిటీల ద్వారా నడిచాయి. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్‌మాస్టర్ కన్వీనర్. ఆగిన పని ఏ పథకంలోదో ముందు తేల్చుకోండి. రెండు కమిటీలనూ ఒకేచోట కూర్చోబెట్టి ఇంజినీరును పిలిచి, ఎంతవరకు ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) రికార్డు అయిందో అడగండి. బిల్లు ఎక్కడ ఆగిందో అక్కడే తెలుస్తుంది.

పత్తి రోజుల్లో తరగతులు ఖాళీ

గద్వాల వైపు సీడు పత్తి క్రాసింగ్‌కు (విత్తనం కోసం పూలను చేత్తో సంకరం చేసే పనికి), మిగతా చోట్ల పత్తి ఏరడానికి పిల్లలు పోతారు. చేతికొచ్చే కూలి ఇంటికి అవసరమే, అందుకే బెదిరిస్తే పని జరగదు. మూడు రోజులు రాని పిల్లల పేర్లు టీచర్ దగ్గర తీసుకుని, వాడకట్టుకు ఒక సభ్యురాలు చొప్పున ఇంటికెళ్లి మాట్లాడాలి. అమ్మానాన్నలతో పాటు వలస పోయే పిల్లలుంటే, సీజనల్ హాస్టల్ (వలస నెలల్లో పిల్లలు ఊర్లోనే ఉండి చదువుకునే చోటు) కోసం పేర్లతో తీర్మానం చేసి దసరాకు ముందే ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ఇవ్వండి. కుటుంబం బస్సెక్కాక తీర్మానం చేసి లాభం లేదు.

తీర్మానం పంపినా జవాబు లేదు

బస్సు టైం మార్చాలన్నా, ఖాళీ టీచర్ పోస్టు నింపాలన్నా తీర్మానం నకలు ఎప్పుడూ రెండు తీయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. నెల దాటినా కదలకపోతే ఆ ముద్ర ఉన్న కాగితంతో సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి. చైర్మన్ ఒక్కడే పోవద్దు, ఇద్దరు తల్లులనైనా వెంట తీసుకుపోండి. రసీదు నంబరు కూడా తీర్మానాల పుస్తకంలో ఎక్కించండి.