మనసు చితికిన మనిషిని ఎలా గుర్తుపట్టాలి, ఎలా అడగాలి, ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఇంట్లో ఒకరికి రోజుల తరబడి నిద్ర లేదు, తిండి లేదు, పిలిస్తే పలకడం లేదు. ఈ సంగతి చెప్పగానే చుట్టాలు ఇచ్చే సలహాలు నాకు కంఠతా వచ్చు. దిష్టి తీయించండి, ఊరు తీసుకెళ్లండి, పెళ్లి చేస్తే సర్దుకుంటుంది. ఈ సలహాల వెంట తిరిగి విలువైన రోజులు పోగొట్టుకున్న ఇళ్లు చాలా చూశాను. ఇకనైనా అలా జరగకూడదని రాస్తున్నాను.

ముందుగా ఫోన్‌లో మూడు నంబర్లు వేసుకోండి: 14416, 108, 112. మొదటిది టెలి మానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. 108 అంబులెన్స్‌కి, 112 పోలీసు సాయానికి. ఒక సంచిలో ఆధార్, పాత ఆస్పత్రి చీటీలు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు పెట్టుకోండి. సామగ్రి అంతే.

గుర్తుపట్టడం

మనిషి తీరు మారిందా అని చూడండి. ‘నేను లేకపోతే మీకే హాయి’ అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అప్పులూ పాస్‌బుక్కుల లెక్క ఉన్నట్టుండి అప్పగించడం, అన్నాళ్లూ ఏడ్చినవాళ్లు కారణం లేకుండా ప్రశాంతంగా మారిపోవడం. వీటిలో ఏది కనబడినా ఆ రోజే కదలాలి. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినబడుతున్నాయన్నా, అన్నంలో విషం కలిపారని కంచం తోసేసినా అంతే.

రెండు సందర్భాల్లో మాత్రం మనవాళ్లు తరచూ పొరబడతారు. ప్రసవమైన కొద్ది రోజులకే బాలింత రాత్రంతా మేలుకుని, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ తనది కాదంటే గాలి సోకిందని వేపమండలు తెస్తారు. అది జబ్బు. బిడ్డతో ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆస్పత్రికి చేర్చాలి. రెండోది, రోజూ తాగేవాళ్లు, మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఉన్నట్టుండి మానేసినప్పుడు. రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేనివి కనబడుతున్నాయంటే పిచ్చి పట్టిందనుకుని గదిలో పెట్టకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

అడగడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడి అసలు అడగరు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. లోపల నలుగుతున్నవాళ్లకు ఎవరో ఒకరు ఆ మాట పైకి అన్నారన్న ఊరట ఉంటుంది.

ఎదురుగా కాదు, పక్కన కూర్చోవాలి. టీవీ కట్టేయాలి. మెసేజ్‌లో అడగకూడదు. పిల్లల్ని అడిగేది తండ్రి కాకూడదు, పిన్నో మేనమామో అడగాలి. తండ్రి ముఖం చూడగానే మార్కులు గుర్తొచ్చే పిల్లలు మన ఇళ్లల్లో ఎక్కువ. ఇంటర్ ఫలితాల రోజుల్లో అయితే ఇది మరీ ముఖ్యం.

మాట సూటిగా ఉండాలి. “చిన్నా, నిన్ను చూస్తూనే ఉన్నా. ఆడుకోవడానికి పోవట్లేదు, అన్నం కలిపి అలాగే వదిలేస్తున్నావ్. చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?” అని ఆగిపోండి. ‘పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని అడిగితే ‘లేవు మామయ్యా’ అన్న జవాబే వస్తుంది, ఎందుకంటే మనం కోరుకుంటున్నది అదేనని వాడికి తెలిసిపోతుంది. అడిగాక వచ్చే నిశ్శబ్దాన్ని మాటలతో నింపకండి. గోరు గిల్లుకుంటూ, నేల చూస్తూ ఎంతసేపున్నా ఉండనివ్వండి.

అవునంటే ఉలిక్కిపడొద్దు. “చెప్పావు, మంచి పని చేశావు. నేనిక్కడే ఉంటా” అనండి. అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా అని నిలదీయకండి. తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు అసలే వేయించుకోకండి. ఒట్టు వేసినవాడు మళ్లీ ఆ ఆలోచన వస్తే మీకు చెప్పడు, దాచుకుంటాడు. ఎవరికీ చెప్పనని మీరూ మాట ఇవ్వొద్దు. తర్వాత, ఎలా, ఎప్పుడు అని ఏమైనా అనుకున్నావా అని కూడా అడగాలి. అనుకున్నానంటే తెల్లారేదాకా ఆగకండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, మాత్రలు ఉంటే ఆ మనిషికి అందకుండా వేరే ఇంటికి చేర్చండి.

తీసుకెళ్లడం

పక్కనే కూర్చుని 14416కి స్పీకర్‌లో ఫోన్ చేయండి. ఏదైనా మింగినా, గాయం చేసుకున్నా ముందు 108. చేతిలో ఆయుధం ఉంటే 112. ప్రమాదం దగ్గర్లో ఉంటే రాత్రయినా సరే, జిల్లా కేంద్రంలోని పెద్దాస్పత్రి క్యాజువాలిటీకి వెళ్లండి. మిగతా వేళల్లో అక్కడి సైకియాట్రీ ఓపీకి ఉదయమే వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు చెబితే పరువు పోతుందని వెనకాడేవాళ్లు మనిషిని పోగొట్టుకుంటారు.

పెళ్లికని అబద్ధం చెప్పి కారెక్కించొద్దు. గేటు దగ్గర బోర్డు చూసిన క్షణాన మీ మీద నమ్మకం పోతుంది, ఆ తర్వాత మందులు వేసుకోరు. ‘నిద్ర పట్టట్లేదు కదా, డాక్టరుకు చూపిద్దాం’ అంటే చాలామంది వస్తారు. గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ప్రాణం తీసుకోబోతే పోలీసు కేసవుతుందన్న భయంతో ఆస్పత్రికి వెళ్లకపోవడమూ తప్పే. అదే చట్టం 115వ సెక్షన్, మరోలా రుజువైతే తప్ప, ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతుంది.

డిప్రెషన్ మాత్రల గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారంలో తేడా లేదని మానేయొద్దు, బాగైపోయిందని కూడా మానేయొద్దు, ఆపేది డాక్టరే. ఆ వారాలు మాత్రల స్ట్రిప్పు మీ దగ్గరే ఉంచుకుని పూట పూటకీ మీరే ఇవ్వండి. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో క్యాలెండరులో రాసి, ఆ రోజు మీరే వెంట వెళ్లండి.