ఎకో ఆటిజంలో చేరాలంటే: ఫారం చిన్నదే, పనంతా కేసు దగ్గరే

ముందే చెప్పేస్తున్నా, ఎకో ఆటిజం పిల్లలకి ఆన్‌లైన్‌లో థెరపీ చేసే ప్రోగ్రామ్ కాదు. పిల్లల డాక్టర్లు, స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ టీచర్లు జూమ్‌లో ఆటిజం నిపుణుల ముందు తమ కేసు పెట్టి సలహా తీసుకునే ఏర్పాటు. డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో అమెరికాలోని న్యూమెక్సికో యూనివర్సిటీలో హెపటైటిస్-సి కోసం మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఎకో పద్ధతినే మిస్సోరీ యూనివర్సిటీ వాళ్లు 2015లో ఆటిజానికి తెచ్చారు. సలహా ఇచ్చే బృందంలో ఆటిజం ఉన్న బిడ్డ అమ్మో నాన్నో కూడా ఉంటారు, నాకు బాగా నచ్చింది అదే.

వెబ్‌సైట్‌లో ప్రోగ్రాములు చాలా కనిపిస్తాయి. కొన్ని అక్కడి ఒక రాష్ట్రం వాళ్లకే, కొన్ని డాక్టర్లకే, కాబట్టి ఎవరు చేరొచ్చో చదివాకే ఫారం తెరవండి. పేరు, ఈమెయిల్, వృత్తి, పనిచేసే చోటు, దాదాపు అంతే. తర్వాత జూమ్ లింక్ మెయిల్‌కి వస్తుంది, కనపడకపోతే స్పామ్‌లో వెతకండి.

టైమ్ దగ్గర జాగ్రత్త. మిస్సోరీలో మధ్యాహ్నం 12 అంటే మనకి వేసవిలో రాత్రి 10:30, నవంబర్‌లో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 11:30. నేనోసారి గంట ముందే కూర్చుని, ఎవరూ రారేంటని ఖాళీ స్క్రీన్ చూస్తూ రెండు టీలు తాగాను.

అసలు పని కేసు ఫారం. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. పిల్లాడి పేరు, ఊరు, స్కూలు, ఫొటో ఏదీ రాయకూడదు, వయసు, మాట, నిద్ర, తిండి, ఇప్పటిదాకా చేసిన ప్రయత్నాలు రాస్తే చాలు. ప్రశ్న మాత్రం గురి చూసి అడగాలి. "తిండి సరిగ్గా తినడు, ఏం చేయాలి?" అంటే జవాబు కూడా అలాగే గాల్లో వస్తుంది. "నాలుగేళ్ల బాబు, ఆరు నెలలుగా పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు, పక్క కంచంలో కూర కనిపించినా లేచిపోతాడు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అనండి, అప్పుడు పనికొచ్చే మాట దొరుకుతుంది.

ఇక్కడి థెరపిస్టులకు ఇంకోటి: ఆర్‌సీఐ (థెరపిస్టుల్ని, స్పెషల్ టీచర్లని రిజిస్టర్ చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) అడిగే సీఆర్‌ఈ పాయింట్లు, అంటే చదువు కొనసాగిస్తున్నందుకు ఇచ్చే పాయింట్లు, ఆర్‌సీఐ ఆమోదించిన ప్రోగ్రాములకే వస్తాయి, ఎకో ఆటిజం సర్టిఫికెట్ చూపించి ఆశపడకండి.

తల్లిదండ్రులైతే దీనికోసం టెన్షన్ పడొద్దు, బిడ్డను చూపించడానికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ (మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ సంస్థ) ఉంది, ముందు అక్కడికి వెళ్లండి.